తెల్లగడి మీద ఇద్దరు రాజులు

మా వారు పోయిన రోజున లైబ్రరీ మేడమీద నాలుగు బల్లలు వేశారు. మూడు బల్లల మీద ఆట ముగిసింది. మిగిలినది ఆయన బల్ల. అక్కడ ఆట ఎలా ముగిసిందో నాకింకా తెలియదు. ఫలితం మాత్రం రాసేశారు. ఓటమి అని.

జరిగినదాంట్లో అందరూ ఒప్పుకునే భాగం చిన్నది. అది మా ఊరి చెస్ లీగులో చివరి పోటీ. మాది లైబ్రరీ క్లబ్బు, మా వారు దానికి కెప్టెన్. అవతలిది స్టేషన్ క్లబ్బు, అక్కడి మొదటి ఆటగాడు నా సొంత తమ్ముడు. గెలిచిన క్లబ్బు పై డివిజన్లో నిలుస్తుంది, ఓడిన క్లబ్బు కిందికి దిగుతుంది. మా క్లబ్బుకి డ్రా అయినా చాలు. మిగిలిన మూడు బల్లల ఫలితాలూ సమానంగా తేలడంతో బరువంతా బావా బావమరుదుల మీద పడింది. కిటికీలోంచి ఎండ దిగిపోతున్న వేళ మా వారు కుర్చీలో ముందుకు ఒరిగారు. మెట్లమీంచి మోసుకుని దించారు. ఆసుపత్రి గేటు దాటేసరికే ఊపిరి ఆగిపోయింది.

ఇక అందరూ ఒప్పుకోని భాగం. ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆట కాగానే రాజులిద్దర్నీ పలక నడిమి గళ్ళలోకి తెచ్చి నిలబెడతారు. తెల్లపావులు గెలిస్తే ఇద్దరూ తెల్లగళ్ళలో, నల్లపావులు గెలిస్తే ఇద్దరూ నల్లగళ్ళలో ఉంటారు. డ్రా అయితే ఒకరి గడిలోకి ఒకరు వెళతారు: నల్లరాజు తెల్లగడిలోకి, తెల్లరాజు నల్లగడిలోకి. దాన్ని వాళ్ళు 'చుట్టపుచూపు' అంటారు. అంపైరు ఎవర్నీ పలకరించకుండా బల్లల మధ్య నడిచి, రాజుల్ని చూసి ఫలితం రాసుకుంటాడు. ఇంకా ఆడుతున్నవాళ్ళకి మాటల చప్పుడు ఉండదు.

ఆ రోజు మా వారివి నల్లపావులు. హాలు ఖాళీ అయ్యాక అంపైరు వచ్చి చూస్తే రాజులిద్దరూ తెల్లగళ్ళలో ఉన్నారట. అంటే నా తమ్ముడు గెలిచినట్టు.

ఊరు రెండుగా చీలి రెండు కథలు చెప్పుకుంది. భార్య తరఫువాళ్ళ మొహం చూసి కెప్టెనే ఆట వదిలేశాడని మా క్లబ్బులో కొందరు అన్నారు. పోతున్న మనిషి కళ్ళముందే బావమరిది రాజుల్ని జరిపేశాడని మిగిలినవాళ్ళు అన్నారు. మొదటి కథ నిజమైతే నా భర్త తనను నమ్ముకున్నవాళ్ళని మోసం చేశాడు. రెండోది నిజమైతే నా తమ్ముడు శవం దగ్గర దొంగతనం చేశాడు. ఇద్దరూ నావాళ్ళే. ఎవరి గురించి ఏడవాలో, ఎవరి మీద కోపగించాలో తేలితే తప్ప నాకు ముందుకు అడుగు పడదు.

తమ్ముడు పరామర్శకి వచ్చిన రోజున గుమ్మంలోనే చెప్పాను. "నిజం తేలేదాకా ఈ గడప తొక్కకు" అన్నాను. వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. అన్యాయంగా అన్నానని అరిచినా బాగుండేది. తప్పు చెయ్యనివాడు అంత మెత్తగా వెళతాడా అని ఆ రోజంతా అదే ఆలోచించాను.

మా క్లబ్బు అప్పీలు పెట్టింది. ఆదివారం ఉదయం కమిటీ కూర్చుంటుంది. ఆ తర్వాత ఇక ఎవరేం చెప్పినా వినేవాళ్ళుండరు.

ఈలోగా దొరికింది ఒకే ఒక్క మాట. అది చెప్పింది కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. మా క్లబ్బులో రెండో బల్ల ఆయనదే. కిందటివారం నా కళ్ళు పరీక్ష చేస్తూ, ముక్కుమీద ఆ ఇనుప చట్రం పెట్టి, అద్దాలు మారుస్తూ మారుస్తూ ఆగిపోయారు.

"టీచరమ్మా, ఇది చెప్పాలో లేదో నాకు తెలీదు. ఆ రోజు కారు కోసం నేను కిందికి పరిగెత్తానా, పరిగెత్తేముందు తెల్లరాజు నేలమీద ఉంది. నా చెప్పు కింద పడబోయింది. పలకమీద నల్లరాజు ఒక్కటే నడిమి తెల్లగడిలో నిలబడి ఉంది."

"అప్పుడు మా తమ్ముడు ఎక్కడున్నాడు?"

"కెప్టెన్ భుజాలు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. మళ్ళీ పైకి రాలేదు. ఆసుపత్రిదాకా మాతోనే ఉన్నాడు."

అంటే ఎవరో నేలమీది తెల్లరాజుని తీసి తెల్లగడిలో పెట్టారు. తమ్ముడు కాదు. మా క్లబ్బువాళ్ళు కారు వెనకాల ఉన్నారు. స్టేషన్ క్లబ్బువాళ్ళు వీధిలో గుంపుగా నిలబడి ఉన్నారు. హాల్లో మిగిలింది అంపైరు ఒక్కరే.

శుక్రవారం బడి వదలగానే ఆయన ఇంటికి వెళ్ళాను.

*

ఊళ్ళో ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు. ఎవరైనా దగ్గినా సరే చూపుడువేలు పైకెత్తి "నిశ్శబ్దం!" అంటారు కాబట్టి అందరూ నిశ్శబ్దం గారు అనే పిలుస్తారు. పరోక్షంలోలెండి. ఎదురుగా అయితే నాకు బాబాయిగారు. మా పెళ్ళికి ముందు నుంచీ మా వారికి ఆయనంటే గౌరవం. మా వారు పోయిన తర్వాత మాత్రం బాబాయిగారు మా ఇంటి ఛాయలకి రాలేదు. వీధిలో నేను ఎదురైతే అవతలి వైపుకి దాటేసేవారు. ఒకసారి దాటడానికి వీలుచిక్కక, తాళం వేసి ఉన్న దుకాణం తలుపుని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు. పైగా ఆయన అల్లుడు ఆడేది స్టేషన్ క్లబ్బుకి. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ ఆ సందులో నడిచాను.

తలుపు తీసింది పిన్నిగారు. హాల్లో ఆయన మాట్లాడనివ్వని మాటలన్నీ ఇంట్లో ఆవిడే మాట్లాడుతుందని మా వారు నవ్వేవారు.

"రా అమ్మా, రా. ఎన్నాళ్ళయింది! నేనే వద్దామనుకున్నాను, ఈయనేమో వెళ్ళొద్దంటారు, ఎందుకంటే చెప్పరు. చెప్పులు అక్కడ విడిచావా? కాస్త జత కలిపి పెట్టెయ్ తల్లీ. లేకపోతే మాట మధ్యలో లేచెళ్ళి సర్దొస్తారు, మనకే సిగ్గు."

వంగి చెప్పులు సరిగ్గా పెట్టాను. ఆ గుమ్మంలో అన్ని చెప్పులూ గోడకి సమానంగా, మడమలు ఒకే గీత మీద ఉన్నాయి.

"నవ్వకు. కొత్తలో నా జడ సరిచేస్తుంటే ప్రేమనుకుని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, పక్కింటావిడ జడ వంకరగా ఉన్నా ఈయనకి నిద్రపట్టదని."

నేను నవ్వలేదు. కాని నవ్వు వచ్చే చోటు ఇంకా నాలో ఉందని ఆ క్షణంలో తెలిసింది. పోయి చాలాకాలం అయిందనుకున్నాను.

ముందుగదిలో బాబాయిగారు పొడుగు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. లీగు అయిపోయాక పలకలూ పావులూ ఆయన ఇంట్లోనే ఉంటాయి. ఒక్కో పెట్టే తెరిచి, పావుల్ని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ సర్దుతారు. ఎదురుగా ఒక పలక ఖాళీగా పరిచి ఉంది. చేతిలో ఒక గుర్రం. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. గుర్రాన్ని తుడుస్తూనే ఉన్నారు. అది అప్పటికే మెరుస్తోంది.

"అప్పీలు సంగతైతే ఆదివారం కమిటీ ముందే మాట్లాడాలమ్మా. ఇంట్లో మాట్లాడకూడదు."

"ఆయన గురించి అడగడానికి వచ్చాను, బాబాయిగారూ."

గుర్రం ఆగింది.

"కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. బడిలో అబద్ధం చెప్పే పిల్లాడి దగ్గర నేను తొందరపడను. చిన్న ప్రశ్నలు వేస్తాను. చిన్న ప్రశ్నలకి అబద్ధం అతకదు.

"మీరు ఫలితం రాసేటప్పుడు పావులన్నీ బల్లమీదే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"కింద ఏమైనా పడి ఉన్నాయా?"

"ఏమీ పడలేదు. ఎవరు చెప్పారు పడ్డాయని?"

"ఎవరో చెప్పారని నేననలేదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. ఆయన కూడా అది గ్రహించినట్టున్నారు. గుర్రాన్ని పెట్టెలో పెట్టి ఇంకోటి తీశారు.

"తెల్లరాజు నేలమీద ఉండగా చూసినవాళ్ళున్నారు" అన్నాను. "కాసేపటికి అది తెల్లగడిలోకి ఎక్కింది. దానికి కాళ్ళు లేవు కదండీ."

"నేను ముట్టుకోలేదు."

"హాల్లో మీరు ఒక్కరే ఉన్నారు."

"ముట్టుకోలేదన్నాను కదమ్మా! ఆటమీద అంపైరు చెయ్యి పడకూడదు. ఇన్నేళ్ళలో పడలేదు. పలకమీద పావు వంకరగా ఉంటే చూడలేక తల తిప్పుకుంటాను గాని చెయ్యి మాత్రం వెయ్యను. నన్ను ఏమైనా అను, ఆ మాట అనకు."

గొంతు పెరిగింది. నిశ్శబ్దం గారి గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు. వంటింటి గుమ్మంలో పిన్నిగారు చేతిలో గరిటెతో నిలబడిపోయింది.

నేను అనకూడని మాట అనేశాను. "మీ అల్లుడు స్టేషన్ క్లబ్బులోనే కదా ఆడేది?"

ఆయన మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతిలోని పావుని చూస్తూ ఉండిపోయారు. జవాబు పిన్నిగారి దగ్గర్నుంచి వచ్చింది.

"ఏంటమ్మా టీచరూ, అల్లుడి కోసం ఈయన ఫలితం మార్చడమా? ఈయనా? గెలిచే ఆటలో, ఆఖరి ఎత్తు వెయ్యబోతుంటే, టైము అయిపోయిందని సొంత అల్లుణ్ణి ఓడించిన మహానుభావుడమ్మా ఈయన! ఆ అబ్బాయి కోపమొచ్చి ఆర్నెల్లు మా గుమ్మం ఎక్కలేదు. మా అమ్మాయి ఫోన్లో ఏడుస్తుంటే, 'గడియారానికి చుట్టరికం లేదు' అన్నారు. చుట్టరికం అంతకన్నా లేనిది ఈయనకే!"

"నువ్వు లోపలికి వెళ్ళు" అన్నారు బాబాయిగారు.

"వెళతాను. టీ పొంగిపోతోంది కాబట్టి వెళతాను, మీరన్నారని కాదు."

నా దగ్గరున్న అనుమానాల్లో పెద్దది అలా చేతిలోంచి జారిపోయింది. అల్లుడి కోసం కాదు. తమ్ముడు కాదు. అయినా పావు లేచి గడిలోకి ఎక్కింది. ఈయన ముట్టుకోలేదన్నప్పుడు ఆ గొంతులో అబద్ధం వినిపించలేదు. ముప్పై మంది పిల్లల మధ్య రోజూ బతికేదాన్ని, అబద్ధం గొంతు నాకు తెలుసు. అది వినిపించకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే వీధి గేటు దగ్గర ఎవరో పిలిచారు. నీళ్ళ మీటరు చూసుకోవడానికి వచ్చినవాడు. బాబాయిగారు లేచి బయటికి వెళ్ళారు. వెళుతూ నేను కూర్చున్న కుర్చీ పక్కనున్న ఖాళీ కుర్చీని బల్లకి సమంగా జరిపి మరీ వెళ్ళారు. జరిపినట్టు ఆయనకి తెలియదు. ఆ సమయంలో ఆయన "వస్తున్నా, వస్తున్నా" అని గేటువైపు చూసి కేకేస్తున్నారు.

నేను ఆ కుర్చీని చూస్తూ కూర్చున్నాను. గుమ్మంలో చెప్పుల వరస గుర్తొచ్చింది. పక్కింటావిడ జడ గుర్తొచ్చింది.

తర్వాత నేను చేసిన పని మర్యాదైనది కాదు. పిల్లలకి పరీక్ష పెట్టడం నా ఉద్యోగం. నాకన్నా పెద్దవాళ్ళకి ఎప్పుడూ పెట్టలేదు. తెరిచి ఉన్న పెట్టెలోంచి రాజులిద్దర్నీ తీశాను. నల్లరాజుని ఖాళీ పలక నడుమ తెల్లగడిలో పెట్టాను. తెల్లరాజుని నేలమీద, బల్లకోడు పక్కన పడుకోబెట్టాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన మీటరువాణ్ణి తిట్టుకుంటూ వచ్చారు.

"అంకెలు కనబడట్లేదంటాడు. నా కళ్ళకి కనిపించేది ఆ కుర్రాడి కళ్ళకి కనిపించదట. దుమ్ము తుడిచి చూడవయ్యా అంటే..."

అంటూనే వంగారు. తెల్లరాజుని తీశారు. పంచె అంచుతో దాని అడుగు తుడిచారు. నల్లరాజు పక్కన, మూలగా ఉన్న తెల్లగడిలో పెట్టారు. తలమీది గుర్తు తిన్నగా వచ్చేలా వేళ్ళతో కొంచెం తిప్పారు. కూర్చుని గుడ్డ అందుకున్నారు.

"...అది నా పని కాదండీ అంటాడు. మరెవరి పని?"

ఆ చెయ్యి ఎంత మృదువుగా పెట్టిందో చూశాను. మా వారి చివరి ఆట మీద కూడా అంతే మృదువుగా పెట్టి ఉంటుంది.

"బాబాయిగారూ, ఈ ఆట ఎవరు గెలిచారు?"

పలకవైపు చూశారు. "తెలుపు" అన్నారు వెంటనే, తరగతిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

"ఎవరాడారు?"

పలకమీద ఇద్దరు రాజులు తప్ప ఇంకేమీ లేదు. ఆయన నావైపు చూశారు, మళ్ళీ పలకవైపు చూశారు.

"ఈ రాజుల్ని ఎవరు పెట్టారు?"

"నల్లది నేను పెట్టాను" అన్నాను. "తెల్లది నేలమీద పడుకోబెట్టాను."

"మరి..."

"మీరే తీసి పెట్టారు" అంది పిన్నిగారు. టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉంది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "మీటరువాణ్ణి తిడుతూ తీసి పెట్టారండీ. నేను చూశాను."

ఆయన తన కుడిచెయ్యిని బల్లమీద బోర్లా పెట్టుకుని, అది వేరే ఎవరిదో అయినట్టు చూసుకున్నారు. నేను ఆ చూపు భరించలేక కిటికీ వైపు తిరిగాను. దొంగని పట్టుకోవాలని వచ్చాను. దొంగ దొరికితే తేలిగ్గా ఉంటుందనుకున్నాను.

"ఆ రోజు ఏం చేశానో నాకు వరసగా గుర్తులేదమ్మా" అన్నారు. "అందరూ పరిగెత్తారు. నాకు కాళ్ళు రాలేదు. ఏం చెయ్యాలో తెలియలేదు. గడియారం సర్దాను. పడిపోయిన కుర్చీ లేపాను. కుర్చీలన్నీ సరిచేశాను. పావులు... ఏమో. ఆ తర్వాత బల్లల మధ్య నడిచి ఫలితాలు రాశాను. ఎప్పుడూ రాసినట్టే. నేనే సర్దిన పలకని నేనే చూసి, నేనే రాసుకున్నానన్నమాట."

"ఆ..." అన్నాను నేను.

"ఆ మనిషి మెట్లమీద ఊపిరి అందక కొట్టుకుంటుంటే నేను కుర్చీలు సర్దుతున్నానమ్మా. నువ్వు కనిపిస్తే వీధి దాటింది అందుకు. మీ ఆయన నన్ను గురువుగారూ అనేవాడు. నీకు ఏ మొహం పెట్టుకుని ఎదురు రాను?"

పిన్నిగారు కప్పులు బల్లమీద పెట్టింది. ఒకటి కొంచెం పక్కకి ఉంది. ఆయన చెయ్యి దానివైపు కదిలి, సగంలో ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది.

"తప్పు మీది కాదు బాబాయిగారూ" అనాలి నేను. మంచివాళ్ళయితే అంటారు. నేను అనలేకపోయాను. ఆ చెయ్యి వల్ల నా భర్తని ఊరు మోసగాడంది, నా తమ్ముణ్ణి నేను దొంగ అనుకున్నాను. టీ తాగాను. అది నేను చూపించగలిగిన మర్యాద.

"అయితే అది డ్రా అన్నమాట" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ విషయంలో మళ్ళీ అంపైరు అయిపోయారు.

"అలా అనలేం. నల్లరాజు తెల్లగడిలో ఉందంటున్నావు. నీ సాక్షి నమ్మదగినవాడేనా?"

"కళ్ళజోళ్ళ ఆయన."

"అయితే చూపుకి ఢోకా లేదు. మీ ఆయన తన రాజుని తనే తెల్లగడిలోకి తెచ్చాడు. అంటే ఆట ముగిసింది. అక్కడిదాకా నిజం. ఇక ఓడిపోయినా నల్లరాజు వెళ్ళేది తెల్లగడిలోకే, డ్రా అయినా అక్కడికే. తేల్చేది తెల్లరాజు. అది పలకమీదికి చేరకముందే మీ తమ్ముడి చేతిలోంచి జారిపడి ఉంటుంది. ఏ గడిలో పెట్టబోయాడో వాడికి తప్ప ఎవరికీ తెలీదు."

"అప్పీలు..."

"ఆదివారం నేనే లేచి చెబుతాను. ఫలితం నా చేతి పొరపాటు అని చెబుతాను. ఇన్నేళ్ళ పరువు పోతే పోతుంది. కమిటీ ఆ ఫలితం కొట్టేస్తుంది. కాని కొట్టేసినచోట ఏం రాయాలి? ఆటగాళ్ళిద్దరి మాటా కలవాలి. ఒకరు లేనప్పుడు రెండోవాడి మాటే మాట. వాడు వచ్చి డ్రా అంటే మీ క్లబ్బు నిలుస్తుంది, మీ ఆయన మీద మాట పడదు. వాడు నోరు విప్పకపోతే ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా ఉన్నచోట ఊరు తనకి తోచింది రాసుకుంటుంది."

"వాడు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను. ఆ ప్రశ్న ఆయన్ని కాదు అడిగింది.

బాబాయిగారు తల దించుకున్నారు. "వచ్చాడమ్మా. మర్నాడే వచ్చాడు. ఆ ఆట గురించి ఒక మాట చెప్పాలన్నాడు. ఫలితం రాసేశాక మాటలుండవు, అప్పీలు పెట్టుకో అన్నాను. గేటు దగ్గర్నుంచే పంపేశాను. గెలిచినవాడు అప్పీలు ఎలా పెడతాడండీ అన్నాడు. అది నీ తలనొప్పి అన్నాను."

నేను లేచాను. కప్పు బల్లమీద పెట్టాను. తలుపు దాకా పిన్నిగారు వెంట వచ్చింది. గుమ్మం దాటి రెండు మెట్లు దిగేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా అంత దూరం నడవడం నేనెరగను.

"ఆయన వినలేదు గాని నేను విన్నాను" అంది, గేటు గడియ మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి. "మీ తమ్ముడు ఆ రోజు ఇక్కడే, ఈ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. మంచినీళ్ళిచ్చాను. ఏంటి నాయనా, గెలుపు వద్దా నీకు అన్నాను, ఏదో ఓదార్పుకి."

"ఏమన్నాడు?"

"చెబితే నన్ను తిట్టుకుంటావు."

"చెప్పండి పిన్నిగారూ."

"'గెలుపూ ఓటమీ కాదు పిన్నీ, చెప్పేద్దామనే వచ్చాను గాని బాబాయిగారు వినకపోవడమే మంచిదైంది' అన్నాడు. 'పడిపోయేముందు బావ నాతో ఒక మాటన్నాడు. అది బయటపెడితే అక్కావాళ్ళ క్లబ్బు నిలబడుతుంది. కాని అక్క ఇక బావ ఫొటో వైపు ఇప్పటిలా చూడలేకపోతుంది. దానికన్నా నన్ను దొంగనుకోవడమే నయం' అన్నాడు. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు."

గేటు గడియ చప్పుడైంది. వేసింది ఆవిడో నేనో గుర్తులేదు.

సందు చివర రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమవైపు మా ఇల్లు. కుడివైపు తమ్ముడి ప్రింటింగ్ ప్రెస్. అక్కడి నుంచే యంత్రం చప్పుడు వినిపిస్తోంది. వాడు లోపలే ఉన్నాడు. ఇన్నాళ్ళూ తమ్ముడు ఏం చేశాడా అని అనుమానించాను. ఇప్పుడు ఆ అనుమానం లేచి వచ్చి నా ఇంట్లో, గోడకున్న ఫొటో ముందు కూర్చుంది. ఆయన ఏమన్నారు? కుర్చీలో ఒరిగిపోతూ, నాకు కాకుండా వాడికి చెప్పుకున్న మాట ఏమిటి? డ్రా అయిన ఆటలో నేను వినకూడనిది ఏముంటుంది?

స్కూలు సంచి భుజం మార్చుకుని అక్కడే నిలబడ్డాను. యంత్రం ఆగింది. ఎవరో షట్టరు సగానికి దించుతున్నారు.

ఆదివారం ఉదయం కమిటీ కూర్చుంటుంది. ఆ ఆటలో ఏం జరిగిందని నా తమ్ముణ్ణి నేనింకా ఒక్క మాట కూడా అడగలేదు.